పొగ లేని బస్సు

మహబూబాబాద్,
12 అక్టోబరు 2011

చిరంజీవి పూజకు,

బాపు దీవెనలు. మేం క్షేమం అని రాయడం మర్యాద గనుక రాస్తున్నాను. నిజానికి నాకు కాలు ఒక్కచోట నిలవడం లేదు.

దమ్ము తగ్గిందా? రాష్ట్రం కోసం మేం చేస్తున్న సమ్మెతో బస్సులు ఆగాక హైదరాబాదులో గాలి కాస్త నయమనీ, ఇన్‌హేలర్ వాడకం తగ్గిందనీ రాశావు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు తల్లీ. డీజిల్ పొగే కదా మన బువ్వ!

అందుకే హైడ్రోజన్ బస్సు నడిపి చూసే డ్రైవర్ల కోసం ఢిల్లీ కంపెనీకి నా పేరు పంపావు. పొగకు బదులు నీటి ఆవిరే వస్తుందని సమ్మె శిబిరంలో చెబితే ఒకటే నవ్వులు. డోర్నకల్ కండక్టర్ జోసెఫ్ అయితే, గట్లయితే ఎండకాలం గా బస్సెనక జనం బిందెలు వట్టుకొని ఉరుకుతరన్నా అన్నాడు.

కంపెనీ పిలిచింది. కానీ డిపో నన్ను పంపాలంటే ముందు డ్యూటీలో చేరినట్టు సంతకం పెట్టాలట. రోజూ రోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పు చేస్తున్నాం, ఒక్క గుండిగలోదే అందరం తింటున్నాం. ఆ చేత్తో సంతకం ఎట్లా పెట్టను?

అయినా డిపో గేటు దాకా పోయాను, తిరిగొచ్చాను, మళ్లీ పోయాను. వాచ్‌మన్ చత్రు విసుగెత్తి, లోపలికన్న రా, ఇంటికన్న పో, నిన్ను జూస్తె నాకే తల తిరుగుతాంది అన్నాడు. ఇంటికొస్తే నిన్ను కన్న మీ యాడి అడ్డం నిలబడింది. సంతకం పెడితే తండాల మొకం ఎట్ల సూపెడ్తం, పోవద్దు అంది. ఆమె మాట కాదనలేకపోయాను. నిన్నటితో గడువు తీరింది. నా చోటు ఇంకెవరికో ఇచ్చేశారు.

కోపం వస్తుందని తెలుసు. రాష్ట్రం వస్తుంది, ఆ బస్సులూ వస్తాయి. నేను రిటైరయ్యేలోపు రావాలి, అదే నా పరేషాన్. దుమ్ములో తిరగకు. వేళకు తిను.

ఎప్పుడూ నీ మంచే కోరే
బాపు, భీమ్లా

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. మీ యాడి అడ్డం పడిందని రాసింది అబద్ధం. పొమ్మని బతిమాలింది ఆమే. పుట్టినకాడ్నుంచి దమ్ముతోటి కొట్లాడిన పిల్ల, నోరు దెరిసి అడిగింది గీ ఒక్కటే గదా అని ఏడ్చింది. శిబిరంలో వాళ్లూ, పిల్ల కోసం పోయి రా అన్నా, మేమేమనుకోం అన్నారు. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. సంతకం పెట్టలేకపోయింది నేనే. ఆమెనేమీ అనకు. ఆమె నాతో మాట్లాడటం మానేసింది. నువ్వన్నా మాట్లాడు.