నేను అనని ఆమెన్

ఫేబా, నా తల్లీ,

ఫోన్‌లోనే చెప్పాలనుకున్నాను. కానీ కోపం వస్తే నా గొంతు మరీ చిన్నదైపోతుంది. నువ్వేమో "సరేనమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. బడి మానేశాక ఇంత పొడవుగా రాయడం ఇదే మొదటిసారి.

ఆదివారం మన ఇంట్లో ప్రార్థన కూటం ముగియకముందే నువ్వు బ్యాగు తీసుకుని హైదరాబాదు బస్సెక్కావు. మీ మామ ప్రార్థనకు అందరూ ఆమెన్ అనడం గుమ్మం దగ్గర విన్నావు. నేనూ అన్నాననుకున్నావు. నేను అనలేదు.

మా అన్న సొలొమోనుకు అదొక అలవాటు. ముఖం మీద అనలేనివన్నీ ప్రార్థనలో పెడతాడు. అందరూ కళ్ళు మూసుకుని ఉంటారు, దేవునితో మాట్లాడేవాడిని ఎవరు ఆపుతారు? మొన్నా అంతే. "ప్రభువా, శుక్రగ్రహాన్ని నువ్వే పొయ్యి లెక్క చేసినవు. దాని మీద యంత్రం దింపుతనని ఈ పిల్ల ఏండ్లకేండ్లు ఆగం చేసుకున్నది. పరీక్షకు పెట్టిన యంత్రం డబ్బ కాలిపాయె. గదే నీ జవాబు. నౌకరి ఇడిశిపెట్టి రామాయంపేట బడిల టీచరుగ చేరే బుద్ధి ఇయ్యి." అందరికంటే ముందు మీ అత్త రామమ్మ గట్టిగా ఆమెన్ అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ సీసం కూడా కరిగిపోతుందని, యంత్రం రెండు గంటలు బతికితే చాలని వంటింట్లో నువ్వే చెప్పావు. "వేడిని ఆపలేమమ్మా, లోపలికి రాకుండ జర లేటు చేస్తం, గంతే" అన్నావు. పరీక్షలో డబ్బాలోకి తీగలు వెళ్ళే చోట సీలు వదిలింది, వేడి దూరింది. అది సీలు లోపం. దేవుని జవాబని ఆయనకెవరు చెప్పారు?

అందరూ కళ్ళు తెరవబోతుంటే, "ఆగుండ్రి, నేను ఆమెన్ అనలే" అన్నాను.

"ఏమైందే సుశీలా?" అన్నాడు అన్న.

"కండ్లు మూసుకోండ్రి. నాది ఇంక కాలే."

మూసుకున్నారు. "తండ్రీ, డబ్బ కాలితే నా బిడ్డ మల్ల చేస్తది. దాని మనసు ఇరగ్గొట్టినోళ్ళ సంగతి నువ్వే చూస్కో. మా అన్న నీ పేరు మీద సొంత మాటలు చెప్తుండు. గవి నీవి కావని ఆయనకు జర చెప్పు."

ఒక్కరూ ఆమెన్ అనలేదు. అన్నా వదినా చాయ్ ముట్టకుండా వెళ్ళిపోయారు. ఆ రెండు కప్పులూ మీ నాన్నే తాగి, "మస్తు అడిగినవ్ పో" అన్నాడు.

నీ మీదా కోపంగానే ఉంది. సీలు వదిలితే ఎక్కడ వదిలిందో విప్పి చూసే పిల్లవు, అమ్మ ఏమన్నదో అడగకుండా వెళ్ళిపోయావు. నెలాఖరుకు రాజీనామా ఇస్తానన్నావట. అమ్మకూ ఈ ఉద్యోగం ఇష్టం లేదనుకునే అయితే, ఆ కారణం ఇక లేదు. వేరే కారణముంటే రాయి, వింటాను.

ఈ కాగితాలు దాచుకో, ఎవరికీ చూపించకు. మీ మామకు భయపడి కాదు. ఆయనకు చెప్పాల్సింది ఆయన ముందే చెప్పాను. ఇది నీ ఒక్కదానికే.

ప్రేమతో,
మీ అమ్మ సుశీల
మెదక్