తొమ్మిదో వరుస, పద్నాలుగో సమాధి

లియోన్,
అక్టోబర్ 24, 2019, గురువారం.

చరిత్రకారులు, పండితులు గాస్పార్ వ్యుయెర్మోజ్ గారికి,

కొండమీది శ్మశానంలో గోతులు తవ్వే రెజీ నమస్కరించి రాయునది. నేను క్షేమం. నువ్వు క్షేమమేనని పేపర్లో ఫొటో చూస్తేనే తెలిసింది, కాబట్టి అడగను.

ఆ ఫొటో కత్తిరించి మా అమ్మ ఫ్రిజ్‌కి అంటించిందిరా. నాదొక్కటీ లేదు దాని మీద. పొద్దున్నే పాలకోసం వెళ్తే నీ మొహం. నిన్న అంది కదా, "వాడి చేతులు చూడరా, ఎంత శుభ్రంగా ఉన్నాయో" అని. కాఫీ వదిలేసి పనికొచ్చేశాను.

నీ పుస్తకం చదివాను. రెండుసార్లు. నెపోలియన్ కాలంలో చర్చి ఆవరణల్లో శవాలకి చోటు చాలక ఊరు ఈ కొండమీద శ్మశానం పెట్టిన సంగతి బాగా రాశావు. పట్టు వ్యాపారులు సమాధి జాగాకి శాశ్వత హక్కు కొనుక్కుని చచ్చాక కూడా మేడలు కట్టుకోవడం, వాళ్ళకి నేసిపెట్టినవాళ్ళని గోడవార కుక్కడం, అదీ బాగానే రాశావు. అవన్నీ నీకెవడు చెప్పాడు? మధ్యాహ్నం రొట్టె తింటూ, పాత రిజిస్టర్లు ముందేసుకుని, కోడి గెలికినట్టున్న ఆ రాత చదవడం మూడు శీతాకాలాలు నాకు నేనే నేర్చుకున్నాను. బీరువా తాళం తీసి నీ ముందు పెట్టింది నేను. పుస్తకం చివర ఏముంది? శ్మశాన సిబ్బందికి కృతజ్ఞతలట. సిబ్బందికి పేర్లుండవేంట్రా? చచ్చినవాళ్ళకి మాత్రం ఒక్కొక్కరికీ వెతికావు.

ఇక క్లోదిన్ పెరాషోఁ. 1834 నేతవాళ్ళ తిరుగుబాటులో మగ్గం వదిలి వీధిలోకొచ్చి ప్రాణం పోగొట్టుకున్న ఆడమనిషి. తోటి నేతవాళ్ళు శాశ్వత హక్కు కొని పాతిపెట్టారు గాని, రాయి మీది పేరు ఎప్పుడో అరిగిపోయింది. ఆ సమాధిని నువ్వు కనిపెట్టావని ఊరంతా పొగుడుతోంది. ఈ ఆదివారం అక్కడ పేరు పలక పెడతారు, నువ్వు ప్రసంగిస్తావు. పలకకి సిమెంటు కలపమని నాకే చెప్పారు. మా సూపర్‌వైజర్ ఒడీల్ గారు వీపు తట్టి, స్నేహితుడేగా, గర్వపడు అంది. కడుపులో మండేదాన్ని గర్వమంటే, ఉంది, బోలెడుంది.

ఫోన్ చెయ్యకు. ఎత్తను.

ఇట్లు,
ఒకప్పుడు నీ బెంచీలోనే కూర్చున్న
రెజీ బెర్తొలోఁ

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. నువ్వు కనిపెట్టింది క్లోదిన్ సమాధి కాదు. తొమ్మిదో వరుస, పద్నాలుగు అని రిజిస్టర్లో ఉన్నమాట నిజమే. కానీ ఆ లెక్క పాత గేటు నుంచి. దాన్ని ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. నువ్వు ఇప్పటి గేటు నుంచి లెక్కపెట్టావు. ప్రతి రాయికీ అడుగున, మట్టిలో, పాత అంకె చెక్కి ఉంటుంది. తవ్వేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. మార్చిలో నువ్వు వేలితో లెక్కపెడుతుంటే పక్కనే ఉండి నోరు మూసుకున్నాను. నలుగురిలో నీ పరువు పోవాలనే.

అసలు క్లోదిన్ సమాధి మీద, శాశ్వత హక్కున్నా ఇప్పుడు వారసులెవరూ లేరని పసుపు కాగితం అంటించి ఉంది. అందరూ సమాధులకి పూలు తెచ్చే తూస్సాఁ పండగ వెళ్ళిన సోమవారం దాన్ని తవ్వి, ఎముకలు ఉమ్మడి గుంటలో వెయ్యాలి. తవ్వాల్సింది నేనే.

శనివారం ఆఫీసు తెరవగానే రా, ఆ పసుపు కాగితం తీయించి పలక అక్కడ పెట్టించాలి. తెలిసే దాచానని ఒడీల్ గారికి నేనే చెబుతాను. పని పోతే పోనీ. నీ మీద ప్రేమతో అనుకోకు, కోపం అలాగే ఉంది. క్లోదిన్ మీద నాకేం కోపం లేదు.