ఒకే ఐడీతో రెండు బటన్లు

జూలై 7
టీమంతా కౌలాలంపూర్ వెళ్లిపోయింది. పెనాంగ్ ఆఫీసులో నేనొక్కదాన్నే. పొద్దున్నే నన్ను పలకరించేది మా పరికరాలన్నిటినీ రోజూ తనిఖీ చేసే సెక్యూరిటీ ఆడిట్ ప్రోగ్రాం మాత్రమే. ఇవాళ ఎర్రగా చూపించింది. ఒంటరి వృద్ధుల ఫ్లాట్లలో మేం పెట్టిన ఎమర్జెన్సీ బటన్లలో రెండు ఒకే ఐడీతో ఉన్నాయి. తొమ్మిదో అంతస్తులో రొకియాగారిది, పద్నాలుగులో తియోగారిది. ఒకటి కనెక్ట్ అయితే రెండోది తెగిపోతుంది. తెగినప్పుడు నొక్కితే ఎవరికీ వినపడదు.

జూలై 8
ఆ బటన్లు బిగించిన జమాల్‌కి ఫోన్ చేశాను. తియోగారి బటన్ ఎంతకీ పనిచేయకపోతే రొకియాగారి ఐడీ కాపీ కొట్టాడట. పచ్చలైటు వెలిగింది కదక్కా, ఇంకేం కావాలి అని నన్నే ఎదురడిగాడు. ఒళ్లు మండిపోయింది.

జూలై 10
సోమవారం మునిసిపాలిటీ వాళ్లు తనిఖీకి వస్తారట. ఒక్క ఎరుపు కనబడినా బటన్లన్నీ విప్పి చూపించమంటారు ఫిజా, ముందు ఆ ఆడిట్ నోరు మూయించు, తర్వాత చూద్దాం అన్నారు మా బాస్ ఖూ సార్. ఎన్నాళ్లకి అని అడిగితే, గడువెందుకు, పర్మనెంటుగా పెట్టెయ్ అన్నారు.
ఆడిట్ ఏపీఐకి ఒక్క కమాండ్ పంపి ఆ హెచ్చరిక మీద సప్రెషన్ పెట్టాను, ఇక అది తెర మీద కనబడదు. కారణం దగ్గర 'తెలిసిన విషయమే' అని టైప్ చేశాను. సిగ్గేసింది.

జూలై 11
శనివారం. ఎవరూ రమ్మనలేదు, అయినా ఆఫీసుకొచ్చాను. తెరంతా పచ్చగా ఉంది. భయమేస్తోంది.

జూలై 12, సాయంత్రం
ఉండబట్టలేక రొకియా పిన్నిగారింటికి వెళ్లాను. కంపెనీ మనిషినంటే ఎంత సంబరపడిందో! తినేదాకా వదల్లేదు. నాకెవరున్నారే తల్లీ, రోజూ పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు కాగానే దాన్ని ఒకసారి నొక్కుతాను అంది. మొదట్లో ఎవరో ఫోన్ చేసి ఊరికే నొక్కకమ్మా అని కసిరేవారట. ఈమధ్య మానేశారు, పాపం నాకు అలవాటు పడిపోయారు అని నవ్వింది.
తియోగారి బటన్ పెట్టినప్పటి నుంచే మానేశారు, తెగిపోతున్నది ఈవిడదే. ఆవిడ నొక్కితే పచ్చలైటు బటన్‌లోనే వెలిగి బటన్‌లోనే ఆరిపోతుంది, మా దాకా రాదు. ఆ మాట ఆవిడతో చెప్పలేకపోయాను. దారంతా ఏడుస్తూ వచ్చాను.

జూలై 13
మునిసిపాలిటీ వాళ్లు లిఫ్ట్ ఎక్కారని తెలియగానే సప్రెషన్ తీసేసి ఆడిట్ మళ్లీ నడిపాను. పెద్ద తెర మీద ఎర్రగా వచ్చింది. వాళ్లలో ఒకావిడ ఇదేంటని అడిగింది. ఖూ సార్ ఏదో అనబోయేలోపే అంతా చెప్పేశాను.
అందరి నోటి దగ్గర కూడు లాగేశావు కదా ఫిజా, అన్నారాయన. తిట్టినా బాగుండేది.

జూలై 15
నా కార్డుకి ఆఫీసు తలుపు తెరుచుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి బటన్లు విప్పుతున్నారని జమాల్ మెసేజ్ పెట్టాడు. ఇలాంటి జంటలు ఇంకా దొరుకుతున్నాయట.

జూలై 16
పిన్నిగారికి కొత్త బటన్ పెట్టారు. వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.
మరి ఇన్నాళ్లూ రోజూ నొక్కి నేను ఎవరితో మాట్లాడాను అని అడిగింది.