తుక్కులో దొరికిన క్రాంకులు

అక్క ఇంటి నుంచి,
ఆదివారం

రెండో నంబరు గారికి,

ఈ పేరుతో పిలిచి ఎన్నేళ్లయిందో! పెళ్లైన కొత్తలో అలా పిలిస్తే నవ్వేవాడివి. రానురాను నవ్వడం మానేశావు, నేనూ పిలవడం మానేశాను. ఇవాళ ఇంత కోపంలోనూ కలం చివరికి ఆ పేరే వచ్చింది. అంటే నీ మీద ప్రేమ ఇంకా కొనఊపిరితో ఉందన్నమాట.

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటే అని అక్క కూడా విసుక్కుంది. ఫోనులో నువ్వు ఊఁ కొడతావు. మధ్యలో ఎవరో పాత పెడళ్లు దొరికాయని కబురు పెడితే "ఉండు, మళ్లీ చేస్తా" అంటావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేసి వెళ్లలేవు కదా.

బహుమతి కప్పు ఇచ్చే వేళకి నేను పక్కన లేనని నీకు కష్టం కలిగిందట. "నలుగురిలో తల కొట్టేసినట్టయింది వదినా" అని అక్కతో అన్నావట. ఎందుకు లేనో చెబుతాను.

ఆ రోజు పాత సైకిళ్ల ఎగ్జిబిషన్ హాల్లో నీ ఎర్ర సైకిలు చుట్టూ జనం మూగారు. మన రోజుల్లో పోటీలన్నీ ఊడ్చుకుపోయిన, "గద్ద" అని పిలిచే ఆ రేసుగాడు తొక్కిన మోడల్ అది, ముక్క కూడా మారకుండా అప్పటి భాగాలతోనే తయారైన బీఎమ్మెక్స్ రేసు సైకిలు ఇదొక్కటే అని ఎవరో చెబుతున్నారు. నాకూ గర్వంగానే ఉంది. దానికి నీ ప్రెస్సులో రాత్రుళ్లు కూర్చుని స్టిక్కర్లు అచ్చువేసింది నువ్వైతే, నువ్విచ్చిన కొలతలకి హ్యాండిలుకి చుట్టే మెత్తలు కుట్టింది నేను. కార్ల సీట్లు కుట్టే చేత్తో అంత చిన్న కుట్లు వెయ్యడానికి నా వేళ్లు ఎంత సతాయించాయో నాకు తెలుసు. నా కుట్టు సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామని వంగాను. అప్పుడు కనిపించింది కుడి పెడల్ చెయ్యి.

క్రాంకు అని నువ్వంటావు, పెడల్ చెయ్యి అని మా బాబాయి అనేవాడు. ఏదైతేనేం, దాని పాదం వైపు మెరుపు అరిగిపోయి, నాణెమంత మేర బూడిదరంగు మచ్చ ఉంది. చిన్నప్పుడు గోడ మీంచి పడి నా కుడి చీలమండ విరిగి, కొంచెం లోపలికి తిరిగి అతుక్కుందని నీకు తెలుసు. తొక్కినప్పుడల్లా చీలమండ ఎముక ఆ చేతికి రాసుకునేది. ఏళ్ల తరబడి రాసుకుని పడిన మచ్చ అది. నా కాలి ముద్రని నేను గుర్తుపట్టనా? తలెత్తి చూస్తే హ్యాండిలూ నాదే. వెనక చక్రమూ నాదే.

సరిగ్గా అప్పుడే ఆ పొరుగూరి పాత సైకిళ్ల సంఘం అధ్యక్షుడు, తెల్లగడ్డం పెద్దమనిషి, నిన్ను అడిగాడు.

"ఈ క్రాంకులు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు కదండీ! మీకెలా చిక్కాయి?"

నువ్వు తడుముకోలేదు. "అదృష్టమండీ. ఓ పాత సామాన్ల కొట్లో తుక్కులో పడి ఉంటే పట్టుకొచ్చా" అన్నావు.

ఆయన నావైపు తిరిగి, "మీరు కూడా తొక్కేవారా అమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు నువ్వే అందుకున్నావు. "ఆవిడకి వీటి మీద పెద్ద సరదా లేదండీ. నాకు తోడుగా వచ్చింది."

అంతే. నేను బయటికి వచ్చేశాను. ఇంటికి వెళ్లి సామాన్ల గది తలుపు తీశాను. నా సైకిలు కొక్కేనికి వేలాడుతోంది. హ్యాండిలు లేదు, చక్రం లేదు, పెడల్ చేతులు లేవు. ఈకలు పీకిన కోడిలా ఉంది. పైన మాత్రం దుమ్ము పడకుండా దుప్పటి కప్పావు. ఆ జాగ్రత్త చూస్తే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అది ఎలా తయారైందో నీకంటే తెలిసినవాళ్లు లేరు. బాబాయి సైకిలు షాపులో మూల పడి ఉన్న ఫ్రేము తప్ప మొదట నాకేమీ లేదు. ఆ రోజుల్లో పోటీల్లో సైకిలు షాపులవాళ్లు విడిభాగాలే బహుమతిగా ఇచ్చేవారు. మొదటి గెలుపుకి హ్యాండిలు వచ్చింది. వానలో బురదలో తొక్కిన పందెంలో చక్రం. ఆడపిల్లలం ముగ్గురమే ఉన్నామని మగపిల్లలతో కలిపేసిన ఆఖరి పోటీలో ఈ క్రాంకులు. ఆ పందెంలో రెండోవాడివి నువ్వు. మైకు పట్టుకున్నాయన "తూనీగ, తూనీగ" అని గొంతు చించుకుంటుంటే, నువ్వు ఒళ్లంతా మట్టితో నా దగ్గరికి వచ్చి, "పందెమంతా నీ వెనక చక్రం తప్ప నాకింకేం కనబళ్లేదు" అని నవ్వావు. ఓడిపోయి కూడా అలా నవ్వగలిగే మనిషని నిన్ను చేసుకున్నాను. ఆ తర్వాత నా మోకాళ్లు అరిగాయి, ట్రాకు తవ్వేసి గోదాములు కట్టారు, తొక్కడం ఆగిపోయింది. దానికి నాకు ఎవరి మీదా కోపం లేదు. నన్నెవరూ ఆపలేదు. కానీ తొక్కలేదని ఎవరూ అనకూడదు కదా!

అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో. అది కూడా కాదు నా బాధ. నా గెలుపులన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, ఆ గద్ద అనే మొగాడి పేరున్న సైకిలుకి బిగించి, తుక్కులో దొరికాయన్నావు.

అక్క, "ఇనప ముక్కల కోసం కాపురం కూల్చుకుంటావా?" అంటోంది. బావ పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నాడు. వాళ్లకి అర్థం కాదు. నీకు అర్థమవుతుంది. నా సైకిలు మళ్లీ నా సైకిలు చెయ్యి, వచ్చేస్తాను.

ఇంకా నీదే అయిన
తూనీగ

*

ఇంటి నుంచి,
శనివారం

తూనీగకి,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. చదివినంతసేపూ చెవులు మండాయి.

అడగలేదు, నిజమే. అడిగితే కాదంటావని భయం. ఆ ఎర్ర సైకిలు అన్నీ కుదిరి, మూడు భాగాల దగ్గర ఆగిపోయింది. అవి ప్రపంచంలో ఎక్కడెక్కడో వెతికాను. రోజూ పడుకునే ముందు గుర్తొచ్చేది, అవి నా గోడ అవతలే ఉన్నాయని. ఎన్నాళ్లని ఆగను? నువ్వా గది తలుపు తీసి ఎన్నాళ్లయిందో చెప్పు. నీకు గుర్తు లేదనుకున్నా. తప్పుగా అనుకున్నా.

మొన్న కప్పు తీసుకెళ్లి సంఘంవాళ్లకి తిరిగి ఇచ్చేశాను. భాగాలు కొన్ని నావి కావు, నిలబెట్టుకోలేను అని చెప్పాను. అందరూ వింతగా చూశారు. చూడనీ. ఎర్ర సైకిలు విప్పేశాను. నీవి నీకే పెట్టేస్తున్నాను. ఇంకొంచెం పనుంది. నువ్వు వచ్చేసరికి చూసి ఆశ్చర్యపోవాలి.

ఇంట్లో కుట్టుమిషను చప్పుడు లేకపోతే ఏదోలా ఉంది. రా.

నీ రెండో నంబరు

*

గురువారం

నీకు,

పొద్దున్నే చెప్పకుండా మళ్లీ అక్క ఇంటికి వచ్చేశాను. బల్ల మీద ఉత్తరం పెడదామనుకున్నా, ఆ ఇంట్లో కూర్చుని రాయలేకపోయాను.

నీ ఉత్తరం చూసి నేను ఏడ్చానని నీకు తెలియదు. కప్పు తిరిగి ఇచ్చేశానన్న మాట అక్కకి రెండుసార్లు చదివి వినిపించాను. "చూశావా, బంగారంలాంటి మనిషి" అంది. నాకూ అలాగే అనిపించింది. సంతకం చూసుకుని మురిసిపోయాను. బస్సులో దారి పొడుగునా, లోపలికి వెళ్లగానే ఏమనాలో అనుకుంటూ వచ్చాను. నా తిట్లన్నీ మరిచిపోయాను.

నిన్న నువ్వు నా కళ్లు మూసి ముందుగదిలోకి నడిపించావు. చేతులు తీశావు. ఎదురుగా స్టాండు మీద ఒక సైకిలు ఉంది. నీలంరంగు కొత్తగా నిగనిగలాడుతోంది. హ్యాండిలు అద్దంలా ఉంది. నంబరు పలక కొత్తది. ఒక్క గీత లేదు.

"ఎలా ఉంది?" అన్నావు.

"నాదేనా?" అన్నాను.

"అచ్చం షాపులోంచి వచ్చినట్టు లేదూ? పాత రంగు మొత్తం గీకించేశాను. క్రాంకులకి మళ్లీ పూత వేయించాను. నీ కాలు తగిలి పాడైన చోటు చూడు, ఇప్పుడు వెతికినా కనబడదు!"

చెయ్యి పెట్టి చూశాను. నిజమే, నున్నగా ఉంది. ఎక్కడ పడ్డానో, ఏ మలుపులో గీసుకుందో, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఊళ్లో ఏ దుకాణంలో ఉన్నా నేను గుర్తుపట్టలేని సైకిలు అది. కానీ నీ మొహం చూశాను. బడిలో మంచి మార్కులొచ్చిన పిల్లాడిలా నిలబడ్డావు. ఏమనను? ప్రేమతో చేశావు. ఆ ప్రేమకి కళ్లు లేకపోతే అది నీ తప్పా? మింగేశాను. "బాగుంది" అన్నాను. నిజం చెప్పాలంటే అక్కడితో ఆగి ఉంటే నేను ఉండిపోయేదాన్నే. సైకిలు పోతే పోయింది, మనిషి దక్కాడు అనుకునేదాన్ని.

సాయంత్రం సంఘంవాళ్లని పిలిచానన్నావు. నేనే టీ పెట్టాను. ఆ తెల్లగడ్డం పెద్దమనిషి వచ్చాడు, ఇంకో నలుగురు వచ్చారు. ఆయన సైకిలు చుట్టూ తిరిగి, అదే చోట వంగి, అదే క్రాంకుల్ని పట్టుకుని, "ఇవేనా ఆ రోజు చూసినవి? మీవి కావన్నారు, మరి ఎవరివండీ?" అన్నాడు.

నేను టీ కప్పుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు నావైపు చూశావు. చూశావు, కాదనకు.  ఇదిగో ఇప్పుడు చెబుతాడు, ఉత్తరం కింద సంతకం పెట్టిన మనిషి ఇప్పుడు నోటితో చెబుతాడు అనుకున్నాను.

"మా ఆవిడవండీ. చిన్నప్పుడు సరదాకి తొక్కుకునేది" అన్నావు.

సరదాకి! వానలో, బురదలో, పళ్లు ఊడేలా పడి లేచి తొక్కింది సరదాకి.

పళ్లెం బల్ల మీద పెట్టాను.  "సరదాకి కాదండీ. ఈ క్రాంకులు నేను పందెంలో గెలుచుకున్నాను. మగపిల్లలతో కలిపి పెట్టిన పందెం. అందులో ఈయన రెండో స్థానం" అన్నాను.

 అందరూ గొల్లున నవ్వారు. కుర్చీలో ఉన్నాయన టీ ఒలకబోసుకున్నాడు. పెద్దమనిషి నీ భుజం తట్టి, "అయితే ఇంట్లో కూడా మీది రెండో స్థానమేనన్నమాట!" అన్నాడు. మళ్లీ నవ్వులు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకి తెలియదు, జోకనుకున్నారు. ఆ గదిలో అది జోకు కాదని తెలిసిన మనిషి నువ్వొక్కడివే. నువ్వు అందరికంటే గట్టిగా నవ్వావు. నవ్వి, "మా ఆవిడకి హాస్యం ఎక్కువండీ" అన్నావు.

వాళ్లు వెళ్లాక కప్పులు కడుగుతూ అడిగాను. "ఒక్క మాట. అవునండీ అని ఒక్క మాట అంటే ఏం పోయేది?"

"అబ్బా, ఇప్పుడదంతా ఎందుకు? కప్పు ఇచ్చేశాను. సైకిలు బాగు చేశాను. ఇంకేం చెయ్యమంటావు?"

"అనమంటున్నాను."

నువ్వు చాలాసేపు తువ్వాలుతో ఒకే కప్పు తుడిచావు. చివరికి, "వాళ్ల ముందు నన్ను నేను తక్కువ చేసుకోమంటావా?" అన్నావు.

నాకు ఎందుకో కోపం రాలేదు. ఇన్నేళ్లూ మూసి ఉన్న గది తలుపు తెరుచుకున్నట్టు, లోపలేముందో స్పష్టంగా కనిపించింది. నేను గెలవడమంటే నువ్వు తక్కువ కావడం. అప్పుడు మట్టి మొహంతో నవ్విన కుర్రాడు ఎప్పుడు, ఎక్కడ దిగిపోయాడో నేను గమనించలేదు. ఆ పేరుతో పిలిస్తే నువ్వు నవ్వడం మానేసిన రోజే గమనించాల్సింది. తొక్కడం మానేసిన భార్యతో ఇన్నేళ్లు హాయిగానే ఉన్నావు. తొక్కిన మనిషితో ఒక్క సాయంత్రం ఉండలేకపోయావు.

నా సైకిలు నా సైకిలు చేస్తే వస్తానని మాటిచ్చాను. నీ లెక్కలో నువ్వు చేశావు, నేను వచ్చాను కూడా. మాట తప్పింది నేనే అని అందరితో చెప్పుకో, అభ్యంతరం లేదు. అక్క ఇప్పటికే నీవైపు. "కప్పు కూడా వదులుకున్నాడే, ఇంకేం కావాలే నీకు?" అని పొద్దుటి నుంచీ ఒకటే పోరు. కప్పు వదులుకోవడం తేలికే అక్కా, ఒక్క మాట అనడమే ఆయనకి కష్టమైంది, కాదు, నీకు. చూడు, ఆవిడతో వాదించీ వాదించీ నీ ఉత్తరంలో కూడా అక్కా అని రాస్తున్నాను.

అక్క ఇంట్లో కూడా ఎక్కువ రోజులు ఉండను. పొద్దున వస్తూ, నేను సీట్లు కుట్టే షాపు వెనక వీధిలో మేడమీద గది ఒకటి చూశాను. యజమానురాలికి చెవుడు, అందుకని అరిచి మాట్లాడాలి. నాకు ఇన్నాళ్లకి గట్టిగా మాట్లాడే అవకాశం వచ్చింది. కుట్టుమిషను కోసం బావ ఆటో తీసుకుని వస్తాడు. సూదుల డబ్బా మిషను సొరుగులో ఉంది, అది కూడా ఇచ్చి పంపు. ఆ నీలం సైకిలు మాత్రం పంపొద్దు. దాన్ని ఎక్కడ పెట్టుకుంటావో, ఎవరిదని చెబుతావో నీ ఇష్టం.

కొత్త ఇంటి మెట్ల కింద సైకిలు పెట్టుకోవడానికి చోటుంది. యజమానురాలు ఆ చోటు చూపించి, "నీకు సైకిలుందా అమ్మాయ్?" అని అరిచింది.

"లేదండీ! కొత్తది కొనుక్కుంటా!" అని నేనూ అరిచాను.

ఇట్లు
తూనీగ