నిరుద్యోగిగా నన్ను తిరిగి చేర్చుకొనుట గురించి

ముత్యాలవారిలంక,
తేది: 4-6-2001.

ఉపాధి కల్పనాధికారి వారి సముఖమునకు,

ముత్యాలవారిలంక గ్రామ కాపురస్తుడు, మట్టపర్తి అప్పలరాజు గారి ఏకైక కుమారుడు వీరబాబు, ఐ.టి.ఐ. ఫిట్టరు పాసు, వయసు 33 సంవత్సరముల 11 నెలలు, వ్రాసుకొన్న అర్జీ.

విషయం: పద్నాలుగేళ్లుగా నిరుద్యోగినై యున్న నన్ను పొరపాటున ఉద్యోగస్తుడిగా నమోదు చేసి జాబితా నుండి తొలగించినందున, నన్ను యథాస్థానమున నిరుద్యోగిగా చేర్చుకొని, లాకు లస్కరు ఇంటర్వ్యూకి పిలవమని కోరుట గురించి.

సూచిక: తమ ఆఫీసు నుండి వచ్చిన కార్డు. "మీరు ఉద్యోగంలో ఉన్నట్లు సర్వేలో తేలినందున మీ పేరు తొలగించడమైనది" అని అందులో ఉన్నది. పోస్టుమేన్ దాన్ని దారి పొడుగునా నలుగురికీ చదివి వినిపించి, నాకు షేక్ హ్యాండిచ్చి, పార్టీ ఎప్పుడని అడిగి మరీ ఇచ్చినాడు.

అయ్యా, (తమరు స్త్రీలైతే అమ్మా,)

1. నేను 1987 జూన్‌లో తమ ఆఫీసులో పేరు రాయించుకొంటిని. మూడేళ్లకోసారి తప్పకుండా రెన్యువల్ చేయించుకొంటిని. 1996 తుఫానులో మా ఇంటి కప్పు లేచిపోయినప్పుడు మా నాన్నగారు బియ్యం డబ్బా పట్టుకుంటే నేను తమరిచ్చిన కార్డు పట్టుకున్నాను. రాత్రంతా బనీనులో పెట్టుకోవడం వల్ల దాని మీద చెమట మరక పడింది. దాన్ని దిద్దుబాటుగా భావించవద్దని మనవి. మనిషన్నాక ఏదో ఒక దాంట్లో సీనియారిటీ ఉండాలి కదండీ, నాకున్నది అదొక్కటే.

2. మా ఊరి నిరుద్యోగం తెలుసుకోవడానికి సర్వేతో పని లేదు. కాలవ వంతెన పిట్టగోడ చూస్తే చాలును. నేను చేరిన కొత్తలో అయిదుగురం. కావాలంటే కాళ్లు చాపుకుని పడుకునేవాళ్లం. 1992 నాటికి పన్నెండు మంది అవడంతో కూర్చోవలసి వచ్చింది. ఆ మరుసటేడు ఆరుగురు మస్కట్, కువైట్ వెళ్లేరు, నిరుద్యోగం బాగా తగ్గింది, మళ్లీ కాళ్లు చాపుకున్నాం. తరవాత అందులో నలుగురు నల్లకళ్లజోళ్లతో తిరిగొచ్చేసేరు. ఇప్పుడు కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లు కూడా కలిసేసరికి మొత్తం నలభై ఒక్క మంది. అవతలి పిట్టగోడ కూడా నిండిపోయి, కొందరు సైకిలు దిగకుండానే నిరుద్యోగం చేస్తున్నారు. దేశంలో నిరుద్యోగం తగ్గుముఖం పట్టిందని పేపర్లో పడితే సాలమోను గారి టీ కొట్లో చదివి, "మరి ఆ తగ్గినవాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారో?" అని మేమే ఆశ్చర్యపోయేం.

3. ఇక పొరపాటు జరిగిన విధంబెట్టిదనిన: మా వైపు సంబంధం అనుకుంటే ఆడపెళ్లివారు ముందుగా ఎవరినో ఒకరిని వాకబుకి పంపుతారు. ఆ వచ్చినాయన తానెవరో చెప్పడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచీతో టీ కొట్టు దగ్గర ఆగి, "ఫలానా వారబ్బాయి ఏం చేస్తూంటాడండీ? వయసెంతుంటుందండీ? ఇంట్లో ఎంతమందండీ?" అని అడుగుతాడు. 1982లో ఇలాగే ఒకరొస్తే మా ఊళ్లో ఎవరో ఉన్నదున్నట్టు చెప్పేసేరు. దాంతో హరిబాబు గారి సంబంధం చెడిపోయింది. హరిబాబు గారు ఈనాటికీ బ్రహ్మచారి. రోజూ సాయంత్రం ఆ చెప్పినవాళ్లింటి ముందు నించుని గట్టిగా దగ్గి వెళ్తారు. ఆ దగ్గు భరించలేక ఊరంతా కూడి ఒక కట్టుబాటు చేసుకున్నారు. వాకబుకొచ్చినవారితో ఊరి కుర్రాడి గురించి మంచి తప్ప మరో మాట రాకూడదు. అది నేటికీ అమలులో ఉన్నది.

4. ఏప్రిల్ 19న మాణిక్యాలరావు గారు అనే ఆయన మా ఊరు వచ్చేరు. ఇస్త్రీ చొక్కా. చేతిసంచీ. టీ కొట్టు దగ్గర ఆగేరు. "సర్వే నుంచి వచ్చేనండీ" అన్న మాట వాస్తవమే, ఆయన తప్పేం లేదు. కానీ వాకబుకొచ్చినవాళ్లు నిజం చెబుతారాండీ? కిందటేడు వచ్చినాయన ఎరువుల కంపెనీ అన్నారు. పైగా ఫిబ్రవరిలో జనాభా లెక్కలకి వచ్చింది మా బడి మేష్టర్లే. సర్వే అంటే తెలిసిన మొహాలే వస్తాయని మా ఊరి నమ్మకం. ఈయన్ని చూడగానే సాలమోను గారు నాకు కన్ను గీటేరు. నేను పిట్టగోడ దిగి ఇంటికి పరిగెత్తి పౌడరు రాసుకున్నాను.

"వీరబాబు గారాండీ? బంగారమండీ! పొద్దున్నే డ్యూటీకెళ్తే మళ్లీ భోజనానికే రావడం" అని సాలమోను గారు చెప్పేరుట.

"ఏ డిపార్ట్‌మెంటండీ?" అని అడిగితే, మా పక్కింటి అచ్చాయమ్మ గారు, ఆవిణ్ణి అడక్కపోయినా, "ఇరిగేషనండీ. మా కాలవలో నీళ్లొస్తున్నాయంటే ఆ బాబు చలవేనండీ. మొన్ననే ప్రమోషను కూడా అయింది" అని చెప్పేరు. ఒకపక్క నేను మొదటి ఉద్యోగానికే పద్నాలుగేళ్లుగా చూస్తుంటే, ఆవిడ ప్రమోషను కూడా ఇచ్చేసేరు.

ఇదే విధంగా మిగిలిన నలభై మంది గురించీ చెప్పేరు.

5. చివరికి మా ఇంటికి వచ్చేరు. మా నాన్నగారు పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. మా నాన్నగారి సంగతి తమకు తెలియదు. ఈ పద్నాలుగేళ్లలో ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. "ఏరా జమీందారూ, లేచేవా?" అంటారు. అలాంటిది, "మీ అబ్బాయి పని చేస్తున్నాడాండీ?" అని మాణిక్యాలరావు గారు అడిగేసరికి, చేతిలో కాయ కింద పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "మావాడు లేకపోతే ఈ ఇల్లు గడవదండీ" అన్నారు.

నేను తలుపు వెనకాల ఉన్నాను. ఏడుపొచ్చేసిందండి. అర్జీలో రాయకూడని విషయమని తెలుసు, రాసేను. పౌడరంతా కరిగి చారలు కట్టింది.

అదే మొహంతో బయటికొచ్చి ఫారం మీద సంతకం పెట్టేసేను. చదవకుండా ఎందుకు పెట్టేవని తమరు అడగవచ్చు. పెళ్లివారి కాగితం చదివితే అనుమానించినట్టు ఉంటుందండి. మర్యాదకి, "అమ్మాయి ఎంతవరకు చదివిందండీ?" అని మాత్రం అడిగేను. ఆయన తెల్లబోయి, "మా చెల్లెలు రమణి సంగతాండీ? ఇంటరు, టైపు లోయరండి" అని, మొదటిసారి కాగితంలోంచి తలెత్తి నన్ను ఎగాదిగా చూసేరు. ఆ చూపుతో సంబంధం ఖాయమైపోయిందనుకున్నాను.

6. ఖాయమైనది సున్న. సర్వే ఫలితాల్లో మా ఊరి నిరుద్యోగం సున్న శాతమని వచ్చింది. మా సర్పంచి బుచ్చిరాజు గారికి షీల్డు ఇచ్చేరు. "నిరుద్యోగ రహిత గ్రామం" అని పెద్ద బోర్డు రాయించి, స్థలం బాగా కనబడుతుందని వంతెన పిట్టగోడకే బిగించేరు. వీపు ఆనించుకోవడానికి వీలుగా ఉంది, కాదనను. కానీ నేను ఆయన దగ్గరకెళ్లి లెక్క సరిచేయించమంటే, "ఒరే వీరబాబూ, చుట్టుపక్కల ఏ ఊరికీ రాని సున్న మనకొచ్చిందిరా. నీ ఒక్కడి కోసం దాన్ని చెరుపుకోమంటావా?" అన్నారు.

"ఒక్కణ్ణి కాదండీ, నలభై ఒక్క మందిమండీ" అన్నాను.

"అదే కదా నేననేది, అంతమందిని ఎక్కడ ఇరికించమంటావు?" అన్నారు.

7. నా తొందరకి కారణం ఏమనగా: మా ఊరి కాలవ లాకుకి, తలుపులు ఎత్తి దించే లస్కరు పోస్టు పడింది. సీనియారిటీలో నా పేరే మొదటిదని తమ గుమాస్తా గారే చెప్పేరు. ఇంటర్వ్యూ ఈ నెల 25న. జూలై 2కి నాకు వయోపరిమితి దాటిపోతుంది. ఇదే నాకు మొదటి పిలుపు, ఇదే ఆఖరు. మస్కట్ పోవచ్చు కదా అని అందరూ అన్నారు. మా అమ్మ చిన్నమ్మలు గారికి నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆవిణ్ణి లేపడం, మొహం కడగడం, వంట చేసి తినిపించడం నా పనులు. మస్కట్ నుంచి లేపడం ఎలాగండీ? లాకు అయితే మా పెరట్లోంచి కనబడుతుంది. అమ్మ గిన్నె మీద గరిటెతో కొడితే లాకు దగ్గరకి వినబడుతుంది. కొట్టించి చూసేను.

ఈ పనులు మాణిక్యాలరావు గారికి చెప్పలేదు. వంటింట్లో తిరిగే పెళ్లికొడుకని అనుకుంటారేమోనని దాచేను. చెప్పినా లాభం ఉండేది కాదు, ఆ ఫారంలో అలాంటి పనికి గడే లేదుట.

8. తప్పు దిద్దాలంటే ఇంటి యజమాని "నా కుమారుడు నిరుద్యోగి" అని స్వహస్తంతో రాసివ్వాలని గుమాస్తా గారు సెలవిచ్చేరు. మా నాన్నగారు ససేమిరా అన్నారు. "ఏదో నా నోట్లోంచి ఒక్కసారి మంచి మాట వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకోమంటావా? నా వల్ల కాదు, ఫో" అన్నారు. నాకూ తీసుకోమనాలని లేదండి. అదే ఇబ్బంది.

9. ఇకపోతే, నేను ఇంటింటికీ తిరిగి, ఈసారి సర్వేవారొస్తే దయచేసి నిజం చెప్పమని కాళ్లావేళ్లా పడ్డాను. ఆయ్, అలాగేనన్నారు. అచ్చాయమ్మ గారు ఒట్టు కూడా వేసేరు.

కాబట్టి ఘనత వహించిన తమరు నా యందు దయ ఉంచి, నన్ను నిరుద్యోగిగా గుర్తించి, ఆ గుర్తింపు మీద ఉద్యోగం ఇప్పించి, ఆ నిరుద్యోగం నుండి తమరే తొలగించవలసినదిగా ప్రార్థన. ఇంతకుమునుపు తొలగించిన పద్ధతిలో కాదు.

పై సంగతులు ఫైలు కిందికి పోకమునుపే, 25వ తేదీ లోపల, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(తమ లెక్క ప్రకారం ఇరిగేషన్ ఉద్యోగి)
మట్టపర్తి వీరబాబు.

జతపరచినవి: కార్డు నకలు, మరకతో సహా. తండ్రి గారి వాంగ్మూలం జతపరచలేదు.

తా.క. తేది 9-6-2001. ఈ అర్జీ పోస్టు చెయ్యడానికి నిన్న రాజోలు బయల్దేరుతూంటే మాణిక్యాలరావు గారు మళ్లీ వచ్చేరండి. ఈసారి నిజంగానే వాకబుకి, వాళ్ల రమణి కోసం! వాకబు కదాని ఆయన అసలు సంగతి దాచి, టీ కొట్టు దగ్గర "సర్వేలో చిన్న సవరణకొచ్చేనండీ" అన్నారుట.

ఇంకేముంది, ఊరంతా నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నారు.

"వీరబాబాండీ? పద్నాలుగేళ్లుగా ఖాళీయేనండీ. ఆ పిట్టగోడకి ఆయనే సీనియరు" అని సాలమోను గారు. "ప్రమోషనూ లేదు, పాడూ లేదండీ. ఆ బాబుకీ కాలవకీ ఉన్న పనల్లా అందులోకి రాళ్లు విసరడమే" అని అచ్చాయమ్మ గారు. ఆవిడ ఒట్టు నిలబెట్టుకున్నానని నాతో గొప్పగా చెప్పి వెళ్లేరు కూడానండి.

ఆయన మా ఇంటికొచ్చేసరికి నేను అమ్మకి జడ వేస్తున్నాను. పౌడరు లేదు, చొక్కా లేదు. గుమ్మంలోనే నిలబడి చూస్తూ ఉండిపోయేరు. మా నాన్నగారిని మళ్లీ అదే ప్రశ్న అడిగేరు. ఊళ్లో అందరూ మాట మార్చేరు గానీ ఆయన ఒక్కరూ మార్చలేదు. "మావాడు లేకపోతే ఈ ఇల్లు గడవదండీ" అన్నారు. అప్పుడు మాణిక్యాలరావు గారు పెరట్లో పీట వేసుకుని కూర్చుని, తానెందుకొచ్చేరో చెప్పేసి, తమ ఆఫీసులో విన్నానంటూ, "కాగితం రాసివ్వకపోతే మీ అబ్బాయికి లస్కరు పని పోతుందండీ" అని నెమ్మదిగా చెప్పేరు. వెళ్తూ వెళ్తూ నాతో, "పిలుపు రానివ్వండి. శ్రావణం దాకా చూద్దాం. మా రమణికి ఈ జడ సంగతి చెబుతాను" అన్నారు.

ఆయన వెళ్లేక మా నాన్నగారు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. తరవాత కాగితం అడిగేరు. ఆయన చదువు మూడో తరగతి. రెండే వాక్యాలు, అరగంట పట్టింది.

"నా కొడుకు వీరబాబు నిరుద్యోగి. వాడు లేకపోతే మా ఇల్లు గడవదు. ఇట్లు, మట్టపర్తి అప్పలరాజు."

దాని జిరాక్సు ఇందుతో జతపరుస్తున్నాను. తమకు ఒరిజినలే కావాలని గుమాస్తా గారు గట్టిగా చెప్పి ఉన్నారు. క్షమించాలండి, ఒరిజినల్ నేను ఇవ్వను.