నాలుగో మంచం బోల్టు

మామయ్యకి,

నీ మేనకోడలు నమస్కారాలు. నేనూ మా ఆయనా కులాసా. కారు మాత్రం కులాసాగా లేదు.

ఫోన్ చేశాను గానీ, ముప్పయ్యారేళ్లు డిపోలో నువ్వు బాగుచేసిన బస్సులన్నీ ఇంకా నీ చెవుల్లోనే తిరుగుతున్నట్టున్నాయి. నేను "కారు" అంటే నువ్వు "ఎవరు వారు?" అన్నావు. అందుకే ఉత్తరం.

సంగతేమిటంటే, నా టర్బో కారు కొండ ఎక్కడం మానేసింది. చదునులో బాగానే పోతుంది. ఎత్తు మొదలవగానే బానెట్ కింద ఈల, వెనక నల్ల పొగ. సైకిలు తొక్కే పెద్దాయనొకడు నన్ను దాటిపోతూ చెయ్యి ఊపుతున్నాడు. వీధి మూల గ్యారేజీ ఆయనకి చూపించాను. ఎవరు ఏ బండి తెచ్చినా ఒకటే మాట చెబుతాడని ఆయన్ని మేం 'అమ్మేయండిగారు' అంటాం. బానెట్ కూడా ఎత్తలేదు. "టర్బో పోయిందమ్మా, అమ్మేయండి" అన్నాడు.

నాకు నమ్మకం కుదరలేదు. నా స్టెతస్కోపు చివరి బిళ్ల పీకేసి, ఉత్త గొట్టాన్ని ఇంజను చుట్టూ తిప్పుతూ విన్నాను. టర్బో ఊపిరి బాగానే ఉంది. ఇంజనుకి గాలి పంచే నల్ల ప్లాస్టిక్ సామాను, అదే ఇన్‌టేక్ మానిఫోల్డ్, దాని అడుగున 'ఉస్స్' అని వినిపించింది. తడిమితే వెంట్రుకంత పగులు. కొత్తది తెప్పించాను. మార్చడం ఎలాగో చెప్పు, నేనే మారుస్తాను.

నెలాఖరులోగా కారు కొండెక్కకపోతే, నేను తిరిగి చూసే కొండమీది ఇళ్లు వేరే నర్సుకి ఇచ్చేస్తామన్నారు ఆఫీసులో. అక్కడ పదకొండుమంది కడుపుతో ఉన్నారు మామయ్యా. ఎవరి బిడ్డ ఏ పక్కకి తిరిగి ఉందో నా చేతులకి తెలుసు. ఎలా వదిలేయను?

ఇట్లు,
నీ సూదిపిల్ల

తా.క.: మా ఆయన సాయం చేస్తానన్నాడు. లైబ్రరీలో పని కదా, కారు రిపేరు పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివి, "అచ్చుతప్పులు లేవు" అన్నాడు.

•

చిరంజీవి సూదిపిల్లకి,

మామయ్య ఆశీస్సులు. మీ అత్తయ్యా నేనూ క్షేమం.

ఓస్, మానిఫోల్డేనా! బస్సులవి నేను కళ్లు మూసుకుని విప్పేవాణ్ణి. ఇంజను వెనకవైపు ఇనపది ఒకటి ఉంటుంది చూడు, తుప్పు పట్టి ఎర్రగా. దానిమీద రేకు కప్పి ఉంటుంది. ముందు ఆ రేకు తియ్యి. బోల్టులు ఒక పట్టాన కదలవు. తుప్పు నూనె పోసి ఓ పూట నాననియ్యి. అప్పటికీ కదలకపోతే గట్టిగా తిట్టు. నాకు తెలిసి తిట్టుకి లొంగని బోల్టు లేదు.

సందేహాలుంటే రాయి. మొహమాటపడకు.

ఇట్లు,
డిపో మామయ్య

తా.క.: నర్సు చేత తిట్టించకండి అంటోంది మీ అత్తయ్య. నువ్వు ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు వినేవి చాలవా? అవే వాడు.

•

మామయ్యకి,

నమస్కారాలు. నువ్వు చెప్పినట్టే ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. నూనె పోశాను. నానబెట్టాను. తిట్టాను. మేడమీది వాళ్లు కిటికీ మూసుకున్నారు. రెండు గంటలకి రేకు ఊడింది. మా ఆయన కొత్త మానిఫోల్డ్ తెచ్చి పక్కన పెట్టి, "ఇది ప్లాస్టిక్, అది ఇనుము. ఇవి చుట్టాలు కూడా కాదేమో" అన్నాడు.

నువ్వు చెప్పింది ఇంజను పొగ వదిలే దారి మామయ్యా! నేనడిగింది ఊపిరి పీల్చే దారి. నర్సుగా చెబుతున్నాను, ముక్కుకి జబ్బు చేస్తే అటువైపు మందు వెయ్యరు.

రేకు మళ్లీ బిగించేసి అసలు చోటికి వచ్చాను. బ్యాటరీ తీగ విప్పాను. పైన అడ్డం ఉన్న గొట్టాలు తీశాను. ఒకటో మంచం, రెండో మంచం తేలిగ్గా వదిలాయి. మూడో మంచం కాస్త మొండికేసింది. చిక్కంతా నాలుగో మంచంతోనే. దాని బోల్టు ఒకటి కింద ఎక్కడో దాక్కుంది, పానా అందటం లేదు. పైగా నాలుగో మంచం తడిగా ఉంది, వాసన కూడా వస్తోంది. అక్కడితో ఆపేశాను.

త్వరగా జవాబు రాయి. నెలాఖరుకి పద్దెనిమిది రోజులే ఉంది.

ఇట్లు,
నూనె మరకల సూదిపిల్ల

తా.క.: కారు ముక్కలు హాల్లో పరిచి ఉన్నాయి. అమ్మేయండిగారు కిటికీలోంచి చూసి, "ఇప్పుడిక అమ్మడానికి కూడా కుదరదమ్మా" అన్నాడు.

•

చిరంజీవి సూదిపిల్లకి,

ఆశీస్సులు. నేను గాలి దారి గురించే రాశాను. నా కళ్లజోడనుకుని మీ అత్తయ్యది పెట్టుకోవడంవల్ల అది పొగ దారిగా పడి ఉంటుంది. దాన్నలా వదిలెయ్యి.

ముందు మంచాల సంగతి. ఇంట్లో ఇద్దరే కదా, నాలుగు మంచాలెందుకే? మంచానికొకరు చొప్పున పడుకునేంత గొడవ ఏమొచ్చింది మీకు? మీ అత్తయ్య అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాలుగో మంచం తడిగా ఉందని, వాసన కూడా అని రాశావు. ఆ మంచం మీ ఆయనదే అయితే, పాపం, పైకి చెప్పుకోలేక బాధపడుతున్నాడేమో. లైబ్రరీలో గంటలకొద్దీ కదలకుండా కూచుంటే రావచ్చు. మందలించకు. డాక్టరుకి చూపించు. మీ అత్తయ్య రబ్బరు దుప్పటి పంపిస్తోంది.

ఇక మానిఫోల్డ్. నాలుగు రోజులు బాగా ఆలోచించి రాస్తున్నాను. దాక్కున్న బోల్టు పైనుంచి అందదు. కారు కిందకి దూరి, ఫ్యాను పక్కనుంచి ఎడమ చెయ్యి పైకి పోనియ్యి. మణికట్టు దగ్గర రేకు గీసుకుంటుంది, గుడ్డ చుట్టుకో. పొడుగు కడ్డీకి పదో నంబరు సాకెట్ తగిలించు. బోల్టు వదిలేముందు 'కిర్రు'మంటుంది, భయపడకు. పెట్రోలు పైపు ఊడదీసేముందు ట్యాంకు మూత తీసి, పైపు అతుకు చుట్టూ గుడ్డ పట్టి, మెల్లగా వదులు చేసి లోపలి ఒత్తిడి దించు. మానిఫోల్డ్ ఊడిరాగానే ఇంజను రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కు. బోల్టు లోపల పడిందా, ఇంజను మొత్తం విప్పాలి. కొత్తది బిగించేటప్పుడు మధ్యనుంచి మొదలుపెట్టి చివరలకి రా.

ఇట్లు,
డిపో మామయ్య

తా.క.: ఈ ఉత్తరం మీ ఆయనకి చూపించకు.

•

మామయ్యకి,

నమస్కారాలు. నీ ఉత్తరం ముందు మా ఆయనే చించి చదివాడు. రబ్బరు దుప్పటి కూడా ఆయనే విప్పాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. లైబ్రరీలో నిలబడే పని చేస్తున్నాడట.

మంచాలంటే మంచాలు కావు మామయ్యా! విప్పిన గొట్టం ఎక్కడిదో మరిచిపోకుండా ప్లాస్టరు ముక్కలంటించి, వార్డులో అలవాటుకొద్దీ 'మంచం 1, మంచం 2' అని రాసుకున్నాను. మానిఫోల్డుకి నాలుగు పాయలు, నాలుగు మంచాలు. తడి అన్నది పెట్రోలు. అత్తయ్యని కడుపునిండా తినమను.

ఇప్పుడు విను. నువ్వు చెప్పినచోటే చెయ్యి పెట్టాను. నువ్వు చెప్పినచోటే రేకు గీసుకుంది. నువ్వు చెప్పినట్టే 'కిర్రు'మంది. వచ్చేసింది! పాత మానిఫోల్డ్ చేతిలోకి రాగానే పండంటి బిడ్డని అందుకున్నట్టు పైకెత్తి చూపించాను. మా ఆయన మౌనవ్రతం మరిచిపోయి చప్పట్లు కొట్టాడు.

గుడ్డలు నాలుగు కుక్కాను. అంచులన్నీ తుడిచి, సందులోంచి గాలి పోకుండా కొత్త రబ్బరు గ్యాస్కెట్ పెట్టేముందు గుడ్డలు తీస్తే మూడే వచ్చాయి. "నాలుగోది ఇందాక చేతులు తుడుచుకుని పారేశావేమో, బిగించెయ్" అన్నాడు మా ఆయన. "లెక్క కుదరందే కుట్లు వెయ్యం" అన్నాను. బల్లకింద, బానెట్ సందుల్లో, చెత్తబుట్టలో వెతికాం. చివరికి టార్చి వేసి చూస్తే మూడో రంధ్రంలో, లోపలికంటా జారిపోయి, తెల్లటి అంచు గోరంత కనిపించింది. సర్జరీ చిమటాతో మెల్లగా లాగాను. నాలుగూ బల్లమీద పరిచి మళ్లీ లెక్కపెట్టాను.

మధ్యనుంచి చివరలకి బిగించాను. బిగింపు సరిపోయిందని కొలత పానా 'టక్' అన్నప్పుడల్లా మా ఆయన పుస్తకంలో పెన్సిలుతో ఒక టిక్కు పెట్టాడు. తాళం తిప్పాను. రెండు దగ్గులు దగ్గి ఇంజను అందుకుంది. స్టెతస్కోపు పెట్టి విన్నాను. ఈల లేదు. ఉస్సు లేదు.

మర్నాడు కొండెక్కుతుంటే సగం దారిలో టర్బో అందుకుని వీపుమీద చెయ్యి పెట్టి నెట్టినట్టు నెట్టింది. నేను గట్టిగా అరిచాను మామయ్యా, ఒక్కదాన్నే, కారులో. పైన చివరి ఇంటావిడకి లెక్క ప్రకారం కాన్పుకి ఇంకా పన్నెండు రోజులుంది. వెళ్లేసరికి నొప్పులతో గోడ పట్టుకుని నిలబడి ఉంది. బిడ్డ కాళ్లు కిందికి ఉన్నాయని నాకు తెలుసు కాబట్టి ఇంట్లో పెట్టుకు కూర్చోలేదు. వెనకసీట్లో పడుకోబెట్టి పెద్దాసుపత్రికి దించేశాను. తొమ్మిది నిమిషాలు! ఆడపిల్ల, మూడు కిలోలు. తల్లీ బిడ్డా క్షేమం.

కొండమీది ఇళ్లు నావేనని ఆఫీసులో కాగితం ఇచ్చారు.

ఇట్లు,
నీ శిష్యురాలు సూదిపిల్ల

తా.క.: అమ్మేయండిగారు వచ్చి, బానెట్ ఎత్తించి, చాలాసేపు చూసి, "ఎవరు చేశారమ్మా?" అన్నాడు. నేనే అన్నాను. "ఆ గొట్టం ఒకసారి ఇస్తారా, ఇంకో కారు వినాలి" అన్నాడు.

•

చిరంజీవి సూదిపిల్లకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం మీ అత్తయ్య పైకి చదివింది, నేను రెండోసారి చదివించుకున్నాను. మీ ఆయనకి నా క్షమాపణలు చెప్పు. దుప్పటి వాపసు పంపక్కర్లేదు, కారు కింద పరుచుకోవడానికి పనికొస్తుంది.

ఇప్పుడు నేనొక సంగతి ఒప్పుకోవాలి. నేను టర్బో ఇంజను జన్మలో విప్పలేదు. ముక్కు గురించి నువ్వు రాసిన మాట చదివాక సిగ్గేసింది. చెల్లెలి కూతురు నమ్మి అడిగితే తెలియదని ఎలా రాయను? ఎదురింటి పళ్ల డాక్టరుకి సరిగ్గా నీ కారులాంటిదే ఉంది. ఆయన దగ్గరికి వెళ్లి, "మీ బండి ఊపిరి నాకు నచ్చలేదు, ఒకసారి చూస్తాను" అన్నాను. మంచివాడు, తాళం ఇచ్చాడు. నేను ఆలోచించానని రాసిన ఆ నాలుగు రోజులూ ఆయన కారు కిందే ఉన్నాను. నీ చెయ్యి గీసుకున్న రేకుకి ముందు నా చెయ్యి గీసుకుంది. 'కిర్రు'మన్నప్పుడు నేను భయపడ్డాను.

విప్పడం బ్రహ్మాండంగా వచ్చింది. బిగించడమే రావటం లేదు. నా గొట్టాలకి మంచాల నంబర్లు లేవు. మానిఫోల్డ్ మా భోజనాల బల్లమీద ఉంది, మేం నేలమీద కూర్చుని తింటున్నాం. డాక్టరు రోజూ ఆసుపత్రికి నడిచి వెళ్తున్నాడు. నేను కిటికీ తెర వేసేసుకుంటున్నాను.

శనివారం నీ కారులోనే రా. నీ స్టెతస్కోపు, చిమటా, ప్లాస్టరు తెచ్చుకో. నువ్వు బిగించు, నేను పానాలు అందిస్తాను. డిపోలో నా చేతికింద నలభైమంది పని నేర్చుకున్నారు. నాకు నేర్పడానికి వస్తున్నది నువ్వొక్కదానివే.

ఇట్లు,
నీ శిష్యుడు, డిపో మామయ్య

తా.క.: పేరున్న స్పెషలిస్టు వస్తోందని డాక్టరుకి చెప్పి ధైర్యం చెప్పాను. "ఏ గ్యారేజీ?" అని అడిగాడు. "కాన్పుల వార్డు" అన్నాను. అప్పట్నుంచీ ఆయనే కిటికీ తెర వేసుకుంటున్నాడు.