నా తుమ్ములు అంటుకునేవి కావు

అక్కా,

నీ ఆవిరికి పెట్టిన నీళ్లు కాగేలోపు ఇది రాస్తున్నాను. కాగాక ఫ్లాస్కులో పోసి వెళ్తాను. తువ్వాలు కప్పుకుని పట్టు, మొహం మరీ దగ్గర పెట్టకు. నీకు జ్వరం, ఒళ్లునొప్పులు ఉన్నాయి కాబట్టి అది జలుబే, వారంలో దానంతటదే తగ్గుతుంది. డ్రాయరులో ఉన్న ముక్కు స్ప్రే మాత్రం వాడకు, అది నా అలర్జీకి డాక్టరు రాసింది.

నా వల్లే నీకు అంటుకుందని నాన్న నా పక్క హాల్లోకి మార్చేశారు. దుప్పట్లు దులిపినప్పుడల్లా దుమ్ముకి వచ్చే తుమ్ములు ఎవరికీ అంటవు. నేను చెప్తే వినరు, నువ్వు చెప్పు.

నేను తుమ్మితే నాన్న టీవీ సౌండు పెంచుతారు. నిన్న నువ్వు ఒక్కసారి తుమ్మితే టీవీ కట్టేసి వచ్చి నీ నుదుటి మీద చెయ్యి పెట్టారు. నాదీ జలుబే అయితే బాగుండుననిపించింది.

మడిచిన చీటీ మళ్లీ విప్పి రాస్తున్నాను. ఇందాక మడుస్తుంటే నాన్న చెప్పులేసుకుంటూ "దానికెలా ఉందే?" అని అడిగారు. "నిద్రపోతోంది" అంటుండగానే నాకు తుమ్మొచ్చింది. గుమ్మంలో ఆగి నా వైపు చూశారు. ఏమైనా అంటారేమోనని నిలబడ్డాను. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు.